నడి ఆకాశంలో పెట్రోలు అయిపోతే విమానం ఏమవుతుంది?

ప్రశ్న: మా నాన్న బండిలో పెట్రోలు అయిపోతే రోడ్డు పక్కన ఆపి బంకు దాకా నెట్టుకుంటూ పోతాడు. మా ఊరి మీదుగా అప్పుడప్పుడు చిన్న విమానాలు పోతుంటాయి. వాటిలో పెట్రోలు అయిపోతే ఎక్కడ ఆపుతారు? రాయిలాగ కింద పడిపోతాయా?
– ఏడో తరగతి విద్యార్థిని, తిరుమలగిరి, సూర్యాపేట జిల్లా

మంచి ప్రశ్న, బిడ్డా. చిన్నపిల్ల అడిగిందని తీసిపారేసే ప్రశ్న కాదిది. విమానం ఎక్కిన పెద్దవాళ్లలో చాలామందికి ఈ అనుమానం వస్తుంది, అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు. పైగా ఇది మనకు దూరపు సంగతి కూడా కాదు. నాగార్జునసాగర్ దగ్గర పైలట్ శిక్షణ విమానాలు ఎగిరే రన్‌వే ఉంది. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో ఒక శిక్షణ విమానం పొలాల్లో కూలి, పైలట్ విద్య నేర్చుకుంటున్న ఒక యువతి ప్రాణం పోయింది. విమాన ప్రమాదాలకు కారణాలు రకరకాలు. వాటిలో నువ్వు అడిగిన ఒక్కదాన్నే ఇక్కడ నిదానంగా చూద్దాం.

ముందు జవాబు చెప్పేస్తాను. రాయిలాగ పడదు. ఇంజను ఆగినా విమానం ఎగురుతూనే ఉంటుంది, కాకపోతే దిగుతూ ఎగురుతుంది. ఎందుకో తెలియాలంటే ఇంజను చేసే పనేమిటో, రెక్క చేసే పనేమిటో విడివిడిగా చూడాలి.

చాలామంది ఇంజనే విమానాన్ని పైకి లేపుతుందనుకుంటారు. మీ నాన్న బండినే తీసుకో. ఇంజను దాన్ని ముందుకు నడుపుతుంది, అంతే. బండి బరువును మోసేది రోడ్డు. విమానంలోనూ ఇంజను ముందుకు నడపడం వరకే చేస్తుంది. బరువును మోసేది గాలి, ఆ గాలి చేత మోయించే పని రెక్కలది. ఇంట్లో టేబుల్ ఫ్యాను ఉంటే దాని ముందు ఒక అట్టముక్క పట్టుకుని చూడు. అట్టను బల్లపరుపుగా పట్టుకుంటే పెద్దగా ఏమీ తెలియదు. ఫ్యాను వైపున్న అంచును కొంచెం పైకి లేపు. అట్ట నీ చేతిని పైకి తోస్తుంది. గాలి అట్టకు తగిలి కిందికి మళ్లుతోంది, గాలిని కిందికి తోసిన అట్ట తాను పైకి పోబోతోంది. విమానం రెక్క చేసే పని కూడా ఇదే. ఇంట్లో ఫ్యాను గాలిని అట్ట మీదికి తెచ్చింది. ఆకాశంలో విమానమే గాలిలోకి దూసుకుపోతుంది. రెక్క మీదుగా గాలి తగినంత వేగంతో పారుతున్నంతసేపూ ఆ పట్టు ఉంటుంది. ఆ వేగం ఇంజను వల్ల వచ్చిందా, మరో దారిలో వచ్చిందా అన్నది రెక్కకు అనవసరం.

ఆ మరో దారి ఎత్తు. గుట్ట దిగే రోడ్డు మీద ఇంజను ఆపేసినా మీ నాన్న బండి పరుగెడుతుంది కదా? అక్కడ బండిని నడిపేది భూమ్యాకర్షణ. విమానానికి అలాంటి దిగుడు ఆకాశంలో ఎక్కడైనా దొరుకుతుంది. పైలట్ ముక్కును కాస్త కిందికి వంచితే చాలు, బరువే దాన్ని ముందుకు నడిపిస్తుంది. ఇలా ఇంజను లేకుండా ఎగరడాన్ని గ్లైడింగ్ (గాలిలో జారుతూ సాగే ప్రయాణం) అంటారు. నువ్వు కాగితంతో చేసి విసిరే విమానానికి ఇంజను ఎక్కడుంది? అయినా తరగతి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంది.

ఎంత దూరం పోతుందన్నది విమానాన్ని బట్టి ఉంటుంది. శిక్షణకు విరివిగా వాడే సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానం ఒక అడుగు కిందికి దిగేలోపు దాదాపు 9 అడుగులు ముందుకు పోగలదు. నేల నుంచి 5,000 అడుగుల ఎత్తులో ఇంజను ఆగిందనుకో. గాలి వీచని రోజైతే దానికి ఇంకా 13 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం మిగిలి ఉంటుంది. తిరుమలగిరి మీద ఆగితే పక్క మండలంలో దిగవచ్చు. చేతిలో ఉండే సమయం ఏడు నిమిషాలకు అటూ ఇటూ. అదే 1,000 అడుగుల ఎత్తులో ఆగితే రెండున్నర కిలోమీటర్లు, నిమిషంన్నర కంటే తక్కువ సమయం. కాబట్టి విమానంలో ఇంధనం రెండు చోట్ల ఉంటుందనుకో. ఒకటి ట్యాంకులో ఉన్నది, రెండోది ఎక్కిన ఎత్తు. మొదటిది అయిపోయాక రెండోదాన్ని ఖర్చు పెట్టుకుంటూ కిందికి వస్తారు.

ఇక్కడ నీకు ఇంకో అనుమానం రావాలి. ముక్కు కిందికి వంచితే నేల త్వరగా దగ్గరవుతుంది కదా, పైకెత్తి పట్టుకుంటే ఇంకాస్త ఎక్కువసేపు గాలిలో ఉండలేమా? ఇంజను ఆగిన మొదటి క్షణంలో ఎవరి చెయ్యైనా చేయబోయేది అదే. నేల భయం వల్ల కంట్రోలును వెనక్కి లాగాలనిపిస్తుంది. కానీ ముక్కు పైకెత్తితే దిగుడు పోతుంది, దిగుడు పోతే వేగం తగ్గుతుంది. మళ్లీ ఫ్యాను దగ్గరికి వెళ్లు. అట్ట అంచును కొంచెం లేపినప్పుడు పైకి తోసింది. ఇంకా ఇంకా లేపి దాదాపు నిలువుగా పట్టుకో. ఇప్పుడు పైకి తోయడం మాని వెనక్కి నెడుతుంది. రెక్కకూ అంతే. ఒక కోణం దాటాక గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారడం మానేసి సుడులు తిరుగుతుంది, ఒక్కసారిగా పట్టు పోతుంది. దీన్ని స్టాల్ (రెక్క గాలి మీద పట్టు కోల్పోవడం) అంటారు. నువ్వు భయపడ్డ రాయిలాంటి పతనం ఇదే. దానికి కారణం పెట్రోలు లేకపోవడం కాదు, వేగం లేకపోవడం. చాలా ఎత్తులో ఉంటే ముక్కు వంచి మళ్లీ వేగం అందుకోవచ్చు. చెట్ల ఎత్తులో జరిగితే అందుకునే జాగా ఉండదు. ఎదురుగా ఉన్న పొలంలో దిగకుండా వెనకున్న రన్‌వేకి తిరిగిపోదామని, తక్కువ ఎత్తులో మలుపు తిప్పబోయి ఇలా పడిపోయిన పైలట్లు ప్రపంచమంతటా ఉన్నారు.

అందుకే ప్రతి విమానానికీ ఇంజను లేకుండా అత్యంత దూరం జారడానికి అనువైన ఒక వేగాన్ని ముందే కొలిచి పుస్తకంలో రాసి పెడతారు. సెస్నా 172కి అది గంటకు సుమారు 125 కిలోమీటర్లు. పైలట్ మొదటి పని ఆ వేగాన్ని పట్టుకోవడం. మిగతావన్నీ తర్వాతే.

ఇప్పుడు విమానం లోపలికి వెళ్దాం. ఇంధనం అడుగంటుతున్న ఇంజను ఒక్క దెబ్బన ఆగదు. ఒకటి రెండుసార్లు దగ్గినట్టు ఆగి మళ్లీ అందుకుంటుంది, ఆ తర్వాత బలం పోతుంది. ప్రొపెల్లర్ మాత్రం చాలాసార్లు ఎదురుగాలికి ఊరికే తిరుగుతూనే ఉంటుంది. లోపల పూర్తి నిశ్శబ్దమేమీ ఉండదు, తలుపుల సందుల్లో గాలి హోరు వినిపిస్తుంది. పైలట్ వేగం కుదుర్చుకుని, దిగడానికి ఒక పొలాన్ని చూసుకుని, అప్పుడు ఇంజను ఎందుకు ఆగిందో వెతుకుతాడు. వెతుకులాటలో తప్పకుండా చూసే వాటిలో ఒకటి ఏ ట్యాంకు నుంచి పెట్రోలు వస్తోందో చెప్పే మీట. చిన్న విమానాలకు సాధారణంగా ఎడమ రెక్కలో ఒక ట్యాంకు, కుడి రెక్కలో ఒకటి ఉంటాయి. కొన్ని రకాల విమానాల్లో పైలటే గుర్తుపెట్టుకుని ఒకదాని నుంచి రెండోదానికి మార్చాలి. పాత మోటారు సైకిళ్ల రిజర్వు మీట గురించి నాన్నను అడుగు, చెబుతాడు. ఒక ట్యాంకు నిండుగా ఉండగానే రెండోది ఎండిపోయి ఇంజను ఆగిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అలాంటప్పుడు మీట తిప్పితే ఇంజను మళ్లీ అందుకుంటుంది.

రెండూ ఎండిపోతే దిగడమే. రేడియోలో "మేడే" అని మూడుసార్లు చెప్పి తానెక్కడున్నాడో తెలియజేస్తాడు. ఎవరితోనూ మాటలు కుదరకపోతే 121.5 మెగాహెర్ట్జ్ అనే అత్యవసర పౌనఃపున్యం ఉంది. ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానం ఆచూకీ తెలిపే పరికరం) మీద 7700 అని పెడితే రాడార్ ముందున్న వాళ్లకు ఆపద తెలుస్తుంది. నేల దగ్గరికి వచ్చాక ఇంధనం గొట్టాన్ని మూసేస్తాడు, ఇంజనుకు నిప్పురవ్వనిచ్చే స్విచ్చులు కట్టేస్తాడు, బెల్టులు బిగిస్తాడు, తలుపుల గడియ తీసి పెడతాడు. దిగేటప్పుడు తలుపు తీయడమేమిటనుకోకు. దెబ్బ తగిలి విమానం చట్రం వంగితే తలుపు ఇరుక్కుపోతుంది. ముందే తీసి ఉంటే బయటపడవచ్చు.

ఏ పొలంలో దిగాలి? ఈ భాగం నీకే నాకంటే బాగా తెలుస్తుంది, ఎందుకంటే మీ ఊరి భూమే దీనికి మంచి ఉదాహరణ. పై నుంచి చూస్తే పచ్చని వరి మడి పరుపులాగ మెత్తగా కనిపిస్తుంది. కానీ నాట్లేసిన మడిలో బురద ఉంటుంది, చక్రాలు దిగబడితే విమానం ముక్కు మీద బోర్లా పడుతుంది. పైగా మడి చిన్నది, కొంచెం దూరానికో ఒడ్డు. కోత అయిపోయి ఎండిన వరి కొయ్యల పొలమైతే నయం, ఒడ్లు మాత్రం అక్కడా ఉంటాయి. దుక్కి దున్నిన చెలకైతే సాళ్ల వెంబడి దిగాలి. సాళ్లకు అడ్డంగా దిగితే ప్రతి సాలూ చక్రాన్ని పట్టుకుంటుంది. తాటిచెట్లు దూరం నుంచే కనిపిస్తాయి, వాటితో అంత చిక్కు లేదు. బోరు మోటార్లకు పోయే కరెంటు తీగలే అసలు చిక్కు. సన్నటి తీగ ఆకాశం నుంచి కనబడదు. స్తంభాలు కనబడతాయి. అందుకే రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క వేసుకోవాలని పైలట్లకు నేర్పుతారు. పాడుబడ్డ వ్యవసాయ బావులు ఇంకో ప్రమాదం, చుట్టూ కంప పెరిగి దగ్గరికొచ్చేదాకా తెలియవు. సూర్యాపేట–జనగామ రోడ్డు తిన్నగా, నున్నగా కనిపిస్తుంది గానీ దాని మీద లారీలు, ఆటోలు, మనుషులు ఉంటారు, పక్కనే తీగలు ఉంటాయి. రోడ్డు కంటే ఖాళీ పొలం మేలనేది ఎక్కువమంది శిక్షకుల మాట.

గాలికి ఎదురుగా దిగాలనేది ఇంకో నియమం. దీనికి కారణం లెక్కలో ఉంది. విమానం గాలితో పోల్చితే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దిగుతోందనుకో. ఎదురుగాలి 20 ఉంటే నేల మీద దాని వేగం 60. గాలి వెనక నుంచి వీస్తుంటే 100. నేలను తాకినప్పుడు దెబ్బ బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60ని 60తో, 100ని 100తో గుణించి చూడు. 3,600 ఎక్కడ, 10,000 ఎక్కడ! ఒకే పొలం, ఒకే విమానం, దిగిన దిక్కు మారితే దెబ్బ దాదాపు మూడింతలు. గాలి ఎటు వీస్తోందో పైలట్ పొగను చూసి, చెరువు మీది అలలను చూసి, తాటాకులు వాలిన వైపును చూసి తెలుసుకుంటాడు.

ఇంతవరకూ "ఎలా" అన్నది చూశాం. అసలు పెట్రోలు ఎందుకు అయిపోవాలి? బంకులో పోయించుకుని బయల్దేరిన వాళ్లకు ఎంత ఉందో తెలియదా?

తెలియాలి, కానీ తెలుసుకోవడం అనుకున్నంత సులువు కాదు. చిన్న విమానంలో ఇంధన ముల్లు చాలాసార్లు ట్యాంకులో తేలే ఒక బెండు మీద ఆధారపడుతుంది. విమానం ఊగుతుంటే ముల్లూ ఊగుతుంది. అందుకే జాగ్రత్త ఉన్న పైలట్ ముల్లును నమ్మడు. బయల్దేరే ముందు రెక్క దగ్గరికి ఎక్కి, మూత తీసి, గీతలు పెట్టిన పుల్లను ముంచి కళ్లారా చూసుకుంటాడు. ట్యాంకు అడుగు నుంచి చిన్న గ్లాసులోకి కొంచెం వంపి, నీళ్లు కలిశాయేమో చూస్తాడు. చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే పెట్రోలుకు లేత నీలం రంగు కలుపుతారు. నీళ్లుంటే బరువెక్కువ కనుక అడుగున తెల్లగా నిలుస్తాయి, పైన నీలంగా పెట్రోలు తేలుతుంది. చివరికి మూత గట్టిగా బిగిస్తాడు. మూత వదులైతే ఏమవుతుంది? రెక్క పై భాగంలో గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది. విమానాన్ని మోయడంలో సాయపడే ఆ తక్కువ ఒత్తిడే సందు దొరికితే ట్యాంకులోని పెట్రోలును బయటికి పీల్చేస్తుంది. లోపల కూర్చున్న మనిషికి తెలియకుండానే రెక్క వెనకగా అంతా ఆవిరైపోతుంది.

గాలి కూడా లెక్క తప్పిస్తుంది. గంటకు 200 కిలోమీటర్లు పోయే విమానానికి 400 కిలోమీటర్ల దారి రెండు గంటలు. 40 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే అదే దారి రెండున్నర గంటలు. గంటకు 35 లీటర్లు తాగే ఇంజనైతే 70 లీటర్లు సరిపోవాల్సిన చోట 87 దాటుతాయి. దారి పెరగలేదు, పెట్రోలు ఖర్చు మాత్రం పెరిగింది. ఇలాంటివి ఉంటాయనే గమ్యం చేరాక కూడా పగలైతే 30 నిమిషాలు, రాత్రైతే 45 నిమిషాలు ఎగిరేంత ఇంధనం మిగిలేలా బయల్దేరాలని చిన్న విమానాలకు అంతర్జాతీయ నియమం పెట్టారు. పెద్ద జెట్ విమానాలకు లెక్క ఇంకా పెద్దది. గమ్యంలో దిగడం కుదరకపోతే మరో విమానాశ్రయానికి పోయేంత, అక్కడికి చేరాక ఇంకో 30 నిమిషాలు ఆకాశంలో తిరిగేంత ఉండాలి.

ఇన్ని నియమాలున్నా పెద్ద విమానంలోనే ఇంధనం అయిపోయి మన తెలుగు నేల మీద వరి పొలంలో దిగిన రోజు ఒకటుంది. 1993 నవంబర్ 15. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఐసీ 440 మద్రాసు నుంచి హైదరాబాద్ బయల్దేరింది. విమానం ఎయిర్‌బస్ ఏ300, లోపల 262 మంది. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలివస్తున్న కాలం కనుక ఆ విమానంలో సినిమా వాళ్లు చాలామంది ఉన్నారు. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి వాళ్లలో ఉన్నారు. అప్పటి మన విమానాశ్రయం బేగంపేట. అక్కడికి చేరేసరికి సరిగా కనబడటం లేదు. దిగబోయిన విమానాన్ని మళ్లీ పైకి లేపారు. అంతవరకు మామూలే, రోజూ ఎక్కడో ఒకచోట జరిగేదే.

మామూలు కానిది ఆ తర్వాత జరిగింది. దిగేటప్పుడు తక్కువ వేగంలోనూ బరువు మోయడానికి విమానాలు ఫ్లాప్స్ (రెక్క వెనుక అంచున కిందికి వంగే పలకలు) చాపుతాయి. పైకి లేచాక వాటిని ముడుచుకోవాలి. ఆ రోజు అవి పూర్తిగా ముడుచుకోలేదు. దాంతో ఏమవుతుందో మెట్టు మెట్టుగా చూడు. చాచిన పలకలకు గాలి అడ్డం పడుతుంది. అడ్డాన్ని నెట్టడానికి ఇంజను ఎక్కువ శ్రమపడాలి. వేగం పెంచితే పలకలు విరిగే ప్రమాదం కనుక నెమ్మదిగానే పోవాలి. జెట్ విమానం పొదుపుగా పోయేది చాలా ఎత్తులో, గాలి పలచగా ఉన్నచోట. పలకలు చాచి అంత ఎత్తు ఎక్కడం కుదరదు. అంటే ఒక్కో కిలోమీటరుకు మామూలు కంటే చాలా ఎక్కువ ఇంధనం. ఈ స్థితిలో విమానాన్ని మద్రాసుకు వెనక్కి మళ్లించారు. ఆకాశ మార్గంలో అది 500 కిలోమీటర్ల పైచిలుకు. పలకలు ముడుచుకుని ఉంటే సరిపోయే ఇంధనం, చాచి ఉంటే సరిపోలేదు. మద్రాసు అందలేదు, తిరుపతి రన్‌వే కూడా అందలేదు. తిరుపతి దగ్గర వరి పొలాల్లో విమానాన్ని దింపారు.

262 మందిలో ఒక్కరూ చనిపోలేదు. విమానం మాత్రం మళ్లీ ఎగరలేదు. అంత పెద్ద విమానాన్ని పొలంలో అలా దింపిన చేతులకు దండం పెట్టాల్సిందే. ఒకటి గమనించు, ట్యాంకులు ఎండిపోయి దిగే విమానానికి ఒక్క మేలుంది. మంట అంటుకోవడానికి లోపల పెద్దగా ఏమీ ఉండదు. అయినా నా మటుకు నాకు ఆ రోజు ముఖ్యమైన ఘట్టం పొలంలోది కాదు. హైదరాబాద్ మీద పలకలు ముడుచుకోవడం లేదని తెలిసిన క్షణం. అప్పటి నుంచి పాత లెక్కలన్నీ చెల్లవు. కొత్తగా లెక్క కట్టి, ఎంత దూరం పోగలమో తేల్చుకున్నాకే దిక్కు ఎంచుకోవాలి.

లెక్క ఎంత చిన్నచోట తప్పుతుందో చెప్పడానికి కెనడా సంగతి ఒకటి చెబుతాను, ఇది నీ లెక్కల పుస్తకానికి సంబంధించింది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767కి ఇంధనం పోస్తున్నారు. ముల్లు పనిచేయడం లేదు కనుక చేత్తో లెక్క కట్టారు. పెద్ద విమానాల్లో ఇంధనాన్ని బరువులోనే లెక్కిస్తారు, ఎందుకంటే ఎండకు వేడెక్కిన ఇంధనం వ్యాకోచిస్తుంది, లీటర్లు అవే అయినా అందులో సరుకు తగ్గుతుంది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటరును కిలోలుగా మార్చడానికి సుమారు 0.8తో గుణించాలి. వాళ్లు 1.77తో గుణించారు. అది లీటరును పౌండ్లుగా మార్చే అంకె. పౌండు అరకిలో కన్నా తక్కువ. కెనడా అప్పుడే పౌండ్ల నుంచి కిలోలకు మారుతున్న రోజులు. కాగితం మీద 22,300 వచ్చింది, ట్యాంకులో దానిలో సగం కూడా లేదు. 41,000 అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ఇంధనం అడుగంటి, ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. అదృష్టవశాత్తు కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. గిమ్లీ అనే ఊరిలో కారు పందేలకు వాడుతున్న పాత వైమానిక దళ రన్‌వే మీద దాన్ని దింపాడు. 69 మందీ బతికారు. పరీక్షలో అంకె పక్కన ప్రమాణం రాయలేదని మీ సారు మార్కు కోస్తే కోపం తెచ్చుకోకు.

అందరికీ అలా జరగలేదు. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ మీద యునైటెడ్ వారి డీసీ-8 విమానం చక్రాలు సరిగా దిగాయా లేదా అని చూసుకుంటూ దాదాపు గంటసేపు తిరిగింది. కెప్టెన్ దృష్టంతా చక్రాల మీదే. ఇంధనం తగ్గుతోందని పక్కనున్నవాళ్లు చెప్పారు గానీ గట్టిగా చెప్పలేకపోయారు. ఇంజన్లు ఆగి విమానం ఇళ్ల మధ్య పడింది, 10 మంది చనిపోయారు. పెద్దవాళ్లు తప్పు చేస్తుంటే చిన్నవాళ్లు గట్టిగా చెప్పాలని, పెద్దవాళ్లు వినాలని పైలట్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వడం ఆ ప్రమాదం తర్వాతే ఊపందుకుంది. ఇప్పుడు నియమం ఇంకా స్పష్టంగా ఉంది. దిగేసరికి ఆఖరి నిల్వ కంటే తక్కువ మిగులుతుందని లెక్క తేలిన వెంటనే పైలట్ "మేడే ఫ్యూయల్" అని ప్రకటించాలి. అది విన్నాక కంట్రోలర్లు మిగతా విమానాలను పక్కకు తప్పించి దానికి దారి ఇస్తారు.

మీ నాన్న బండిని రోడ్డు పక్కన ఆపినట్టు విమానాన్నీ ఆపవచ్చా అని అడిగావు కదా. ఆపవచ్చు, ఇంకా పెట్రోలు ఉండగానే. దారిలో ఎదురుగాలి ఎక్కువైందనిపిస్తే దగ్గర్లోని రన్‌వే మీద దిగి మళ్లీ పోయించుకుని బయల్దేరవచ్చు. ఆలస్యమవుతుంది, ఎవరో విసుక్కుంటారు, అంతే. అది కూడా కుదరకపోతే ఇంజను పనిచేస్తుండగానే మంచి పొలం వెతుక్కుని, ఒకసారి దాని మీదుగా తక్కువ ఎత్తులో పోయి, తీగలు చూసుకుని దిగవచ్చు. ఇంజను ఆగాక రెండోసారి చూసుకునే అవకాశం ఉండదు.

ఇక మీ ఊరి పెద్దలకు ఒక మాట, నువ్వే చదివి వినిపించు. ఎప్పుడైనా మీ పొలాల్లో విమానం దిగితే గుంపుగా మీద పడవద్దు. ప్రొపెల్లర్ ఆగి ఉన్నా దాన్ని ముట్టుకోవద్దు, అది ఒక్కసారిగా తిరగవచ్చు. దగ్గర్లో బీడీ, సిగరెట్టు వెలిగించవద్దు. ట్యాంకు ఎండిపోయినా అందులో పెట్రోలు ఆవిరి ఉంటుంది. కరెంటు తీగ తెగి పడి ఉంటే లైన్‌మన్‌కు ఫోన్ చేసి సప్లై ఆపించాకే దగ్గరికి వెళ్లాలి. లోపలి మనుషులను బయటికి తెచ్చేటప్పుడు మెడ, నడుము కదలకుండా చూడాలి. మంట వచ్చే భయం లేకపోతే 108 వాళ్లు వచ్చేదాకా కదపకపోవడమే మేలు. విమానం ముక్క ఒక్కటి కూడా ఇంటికి తీసుకుపోవద్దు, ఎందుకు ఆగిందో తేల్చడానికి వచ్చే అధికారులకు ప్రతి ముక్కా, ట్యాంకులో మిగిలిన ప్రతి చుక్కా అవసరమే. ముందుగా చేయాల్సింది మాత్రం 112కు ఫోన్ చేసి ఊరి పేరు, మండలం పేరు, దగ్గర్లోని రోడ్డు చెప్పడం.